నాలుక అంచున పళ్ళ గుర్తులుంటే నిద్ర పరీక్ష ఎందుకండి?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారికి 57 ఏళ్ళు, రొయ్యల చెరువులు చేస్తారు. పంటి నొప్పని భీమవరంలో పళ్ళ డాక్టరుకి చూపించాం. ఆయన పన్ను చూశాక నాలుక చాపమన్నారు, గొంతులోకి లైటు వేసి చూశారు, గురక పెడతారా అని అమ్మని అడిగారు. చివరికి స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు, అనుమానంగా ఉంది, నిద్ర పరీక్ష చేయించండి అని రాసిచ్చారు. నాన్నగారు లావు కూడా కాదు. పంటి నొప్పికి వెళ్తే నిద్ర పరీక్ష ఏమిటి? ఇదేమైనా డబ్బు గుంజే వ్యవహారమా? ఆన్‌లైన్‌లో గురక తగ్గించడానికి నోట్లో పెట్టుకునే గార్డులు దొరుకుతున్నాయి, అది కొనిస్తే సరిపోదా? ఇంకోటి, మా ఆరేళ్ళ బాబు కూడా నోరు తెరుచుకునే పడుకుంటాడు, రాత్రి పళ్ళు కొరుకుతాడు. పొట్టలో పురుగులని అమ్మ అంటుంది.

జవాబు:

ఆ డాక్టరుగారు మిమ్మల్ని దోచుకోవాలని చూడట్లేదండి. అదే ఉద్దేశమైతే అరిగిన పళ్ళన్నిటికీ క్యాపులు వేయాలని చెప్పేవారు. తన దగ్గర లేని పరీక్ష కోసం ఇంకో డాక్టరు దగ్గరికి పంపేవారు కాదు. నేను పాలకొల్లు వైపు చాలా ఏళ్ళుగా పళ్ళ వైద్యం చేస్తున్నాను. కుర్చీలో వెనక్కి వాలిన మనిషి నోట్లో మాకు పళ్ళతో పాటు ఊపిరి వెళ్ళే దారి కూడా కనబడుతుంది. మత్తు సూది వేసి పది నిమిషాలు ఆగండి అంటే, నోరు తెరుచుకునే ఉండి గురక మొదలుపెట్టేవాళ్ళున్నారు. పన్ను పీకుతారన్న టెన్షన్‌లో కూడా నిద్ర ముంచుకొచ్చిందంటే ఆ మనిషికి రాత్రి నిద్ర సరిగ్గా లేదని అర్థం.

అయితే ఒక హద్దు ఉంది. నోరు చూసి అనుమానపడొచ్చు, జబ్బు ఉందని తేల్చకూడదు. మీ డాక్టరుగారు ఆ హద్దులోనే ఉన్నారు కాబట్టే పరీక్ష రాశారు.

అసలు సంగతి గొంతులో ఉంది. నాన్నగారికి చెప్పేటప్పుడు చెరువు దగ్గర మోటారుతో పోల్చి చెప్పండి, వెంటనే పట్టుకుంటారు. నీళ్ళు లాగే వైపు సక్షన్ పైపు గట్టిగా ఉంటుంది. నీళ్ళు వదిలే వైపు డెలివరీ పైపు మెత్తగా, చుట్టచుట్టి పెట్టుకునేలా ఉన్నా చెల్లుతుంది. లాగే వైపు ఆ మెత్తటి పైపు తగిలిస్తే గోడలు లోపలికి పీల్చుకుపోయి అతుక్కుంటాయి, నీళ్ళు రావు. మనం ఊపిరి లోపలికి లాగేటప్పుడు గొంతు సక్షన్ వైపు ఉన్నట్టే. ముక్కుకి ఎముక ఊతం ఉంది, కింద శ్వాసనాళానికి మృదులాస్థి ఊతం ఉంది. మధ్యలో, మెత్తని అంగిలి వెనక నుంచి నాలుక మొదలు వెనక దాకా ఉన్న భాగానికి అలాంటి గట్టి ఊతం లేదు. మెలకువలో కండరాలు బిగువుగా ఉండి దాన్ని తెరిచి ఉంచుతాయి. నిద్రలో అవి వదులవుతాయి. వెల్లకిలా పడుకుంటే నాలుక బరువు కూడా వెనక్కే పడుతుంది. దారి మొదటే ఇరుకైన మనిషికి అప్పుడు గోడలు అదిరితే గురక, అతుక్కుంటే ఆప్నియా.

పెద్దవాళ్ళలో కనీసం 10 సెకన్లు గాలి ఆగితే ఒక ఆప్నియా కింద లెక్క. పూర్తిగా ఆగకుండా బాగా తగ్గి, దానివల్ల రక్తంలో ఆక్సిజన్ పడినా, నిద్ర చెదిరినా అదీ లెక్కలోకి వస్తుంది. గంటకి సగటున ఇలాంటివి ఎన్ని జరిగాయన్న అంకెని ఏహెచ్ఐ అంటారు. 5 లోపు మామూలు. 5 నుంచి 15 లోపు తక్కువ స్థాయి, 15 నుంచి 30 లోపు మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. గంటకి 30 అంటే రెండు నిమిషాలకోసారి. చాలాసార్లు మెదడు ఒక్క క్షణం లేచి గొంతు కండరాలను బిగించి మళ్ళీ నిద్రలోకి జారిపోతుంది, ఆ సంగతి మనిషికి గుర్తుండదు. పక్కన పడుకున్న వాళ్ళకి తెలుస్తుంది. గురక సాగుతూ ఉన్నట్టుండి ఆగిపోతుంది, కాసేపు చప్పుడుండదు, తర్వాత ఉక్కిరిబిక్కిరి అయినట్టు పెద్ద శబ్దంతో ఊపిరి అందుకుంటారు. మన వైపు గుర్రు పెట్టి పడుకున్నాడంటే హాయిగా నిద్రపోతున్నాడని లెక్క. గురక పెట్టే అందరికీ ఆప్నియా ఉండదు, నిజమే. మధ్యలో ఆ ఆగడం ఉందా లేదా అన్నది మీ అమ్మగారిని అడగండి. నా అనుభవంలో ఈ జబ్బు గురించి భర్తల కంటే భార్యలు చెప్పిందే నమ్మదగ్గది.

ఇక నోటి సంగతి. నేను మొదట చూసేది నాలుక ఎంత ఉంది, దానికి దొరికిన చోటు ఎంత ఉంది అని. నాలుకని ముందుకి లాగి పట్టే ముఖ్యమైన కండరం గడ్డం ఎముక లోపలి వైపు అతుక్కుని ఉంటుంది. కింది దవడ చిన్నదిగా, వెనక్కి ఉంటే ఆ కండరంతో పాటు నాలుక కూడా వెనక్కే ఉంటుంది. ఎత్తుపళ్ళు అని మనం అనుకునే చాలామందిలో నిజానికి పై పళ్ళ తప్పు పెద్దగా ఉండదు, కింది దవడ వెనకబడి ఉంటుంది. పక్కనుంచి ఫోటో తీసి చూస్తే తెలిసిపోతుంది. గడ్డం పెంచుకున్న మగవాళ్ళలో ఇది కనబడదు, అందుకే నేను వేలు పెట్టి చూస్తాను.

పై దవడ ఇరుకుగా, అంగిలి బాగా ఎత్తుగా ఉండటం ఇంకో గుర్తు. అంగిలి అంటే ముక్కుకి కింది నేల కదా. అది ఇరుకై పైకి లేచిందంటే ముక్కులో గాలి దారీ తగ్గింది, నాలుక ఆనుకునే చోటూ తగ్గింది. పళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండటం కూడా చాలాసార్లు చిన్న దవడకి గుర్తే.

మీ నాన్నగారు లావు కాదు, మరి ఆయనకెలా వస్తుందన్న ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. బరువు పెద్ద కారణమే కానీ ఒక్కటే కారణం కాదు. ఆసియా దేశాలవాళ్ళలో తెల్లవాళ్ళ కంటే తక్కువ బరువులోనే ఆప్నియా కనబడుతోందని, దానికి ముఖం ఎముకల అమరిక కూడా ఒక కారణమని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. పైగా మన దగ్గర లావు అన్నమాటకి కొలత సరిగ్గా ఉండదు. భారతీయులకి బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) 25 దాటితే చాలు, స్థూలకాయం కింద లెక్కేస్తారు. కాళ్ళూ చేతులూ సన్నగా ఉండి పొట్ట, మెడ నిండుగా ఉన్న మనిషిని మన ఊళ్ళలో ఎవరూ లావు అనరు. టేపు తీసుకుని మెడ కొలవండి. 40 సెంటీమీటర్లు దాటితే అది లెక్కలోకి తీసుకోవాల్సిన విషయం.

డాక్టరుగారు నాలుక చాపమన్నది అంచున పళ్ళ గుర్తులు చూడటానికే అయ్యుంటుంది. నాలుక పెద్దదైనా, దవడ చిన్నదైనా అంచులు పళ్ళకి ఒత్తుకుని అలలు అలలుగా గుర్తులు పడతాయి. ఆప్నియా ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువగా కనబడుతుంది. కానీ ఏ జబ్బూ లేనివాళ్ళలోనూ ఉంటుంది. పగలు టెన్షన్‌తో పళ్ళు బిగించేవాళ్ళలో ఉంటుంది. థైరాయిడ్ తక్కువైనప్పుడు నాలుక లావెక్కి కూడా వస్తుంది. థైరాయిడ్ తక్కువైతే బరువు పెరగడం, మత్తుగా ఉండటం, గురక కూడా వస్తాయి కాబట్టి, నాన్నగారికి ఎలాగూ రక్తపరీక్షలు చేయిస్తారు కదా, టీఎస్‌హెచ్ కూడా చూడమనండి.

నాలుక గురించే ఇంకో మాట. బరువు పెరిగితే పొట్టలో చేరినట్టే నాలుకలో కూడా కొవ్వు చేరుతుంది. 2020లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్ళు, బరువు తగ్గినవాళ్ళ గొంతుని ఎంఆర్ఐ తీసి చూస్తే, ఆప్నియా తగ్గడానికి అన్నిటికంటే ఎక్కువగా తోడ్పడింది నాలుకలో కొవ్వు తగ్గడమేనని తేలింది. అందుకే పైకి పెద్ద తేడా కనబడకముందే గురక తగ్గిందని కొంతమంది ఇంట్లోవాళ్ళు చెబుతుంటారు.

గొంతులోకి లైటు వేసి చూశారు కదా, ఆ పరీక్ష మనవాడిదే. మల్లంపాటి స్కోరు అంటారు. గుంటూరు జిల్లాలో పుట్టి అమెరికా వెళ్ళి బోస్టన్‌లో మత్తు డాక్టరుగా పనిచేసిన మల్లంపాటి శేషగిరిరావు గారు 1985లో దీన్ని ప్రచురించారు. ఆయన ఉద్దేశం నిద్ర కాదు. ఆపరేషన్ ముందు ఎవరి గొంతులోకి గొట్టం వేయడం కష్టమవుతుందో నోరు చూసి ముందే పసిగట్టాలని. గొట్టం పోవడానికి ఇరుకైన గొంతు, రాత్రి గాలికీ ఇరుకే కాబట్టి తర్వాత నిద్ర డాక్టర్లు అందుకున్నారు. ఆయన మూడు తరగతులు చెప్పారు, 1987లో వేరే డాక్టర్లు నాలుగోది చేర్చారు. మీరే ఇంట్లో చూడొచ్చు. నాన్నగారిని నిటారుగా కూర్చోబెట్టి, నోరు బాగా తెరిచి నాలుక పూర్తిగా బయటికి చాపమనండి. ‘ఆ...’ అని అనకూడదు, శబ్దం చేస్తే అంగిలి పైకి లేచి తప్పు లెక్క వస్తుంది. ఫోన్ టార్చ్ వేసి చూడండి. కొండనాలుక మొత్తం, పక్కన టాన్సిల్స్ దగ్గరి మడతలు కూడా కనబడితే ఒకటి. మడతలు మరుగై కొండనాలుక చాలావరకు కనబడితే రెండు. దాని మొదలు మాత్రమే కనబడితే మూడు. ముందరి గట్టి అంగిలి తప్ప వెనక ఏమీ కనబడకపోతే నాలుగు. అంకె పెరిగేకొద్దీ ఆప్నియా ఉండే అవకాశం పెరుగుతుంది. నాలుగు వచ్చి హాయిగా నిద్రపోయేవాళ్ళూ ఉన్నారు, ఒకటి వచ్చి తీవ్రమైన ఆప్నియా ఉన్నవాళ్ళూ ఉన్నారు. నాలుగు వచ్చిందని కంగారు పడొద్దు, ఒకటి వచ్చిందని పరీక్ష మానేయొద్దు.

గుట్కా, వక్కపొడి ఎక్కువ నమిలేవాళ్ళలో ఈ చూడటమే కుదరదు. బుగ్గల లోపల గట్టిపడి నోరు తెరుచుకోవడం తగ్గిపోతుంది. మూడు వేళ్ళు నిలువుగా పట్టకపోతే అది వేరే పెద్ద సమస్య, నోటి క్యాన్సర్‌కి దారితీసే అవకాశం ఉన్నది. ముందు దాని సంగతి చూడాలి.

ఇంతదాకా చెప్పినవి ఆప్నియాకి దారితీసే నిర్మాణాలు. ఆప్నియా వల్లో, దానితో పాటో వచ్చే గుర్తులు వేరే ఉన్నాయి. ఇక్కడే మా వాళ్ళు కూడా తొందరపడుతుంటారు, అందుకని కాస్త వివరంగా చెప్తాను.

అరిగిన పళ్ళు తీసుకోండి. నమిలే పైభాగం బల్లపరుపుగా, పైదీ కిందదీ సరిగ్గా ఒకదానికొకటి అతికేలా అరిగితే అది పళ్ళు కొరకడం. పై ముందు పళ్ళ లోపలి వైపు, అంటే నాలుక వైపు, నున్నగా కరిగినట్టు ఉంటే అది కడుపులో ఆమ్లం పైకి తన్నడం. ఆప్నియా ఉన్నవాళ్ళలో రెండూ కనబడతాయి. ఊపిరి ఆగి మెదడు ఉలిక్కిపడి లేచినప్పుడు దవడ కండరాలు బిగుసుకోవడం కొందరిలో రికార్డయింది. అయితే పళ్ళు కొరికే అందరికీ ఆప్నియా లేదు. మన దగ్గర ఇంకో చిక్కుంది. ఏళ్ళ తరబడి వక్క నమిలినవాళ్ళ పళ్ళు కూడా బల్లపరుపుగానే అరుగుతాయి. రాత్రి పదిన్నరకి చేపల పులుసుతో అన్నం తిని వెంటనే నడుం వాల్చే అలవాటున్న ఇళ్ళలో ఆమ్లం తన్నడానికి ఆప్నియానే అక్కర్లేదు. పళ్ళ డాక్టరు ఇవన్నీ అడగకుండా అరిగిన పన్ను చూసి ఆప్నియా అంటే నేనూ ఒప్పుకోను.

పొద్దున్న లేచేసరికి నోరు పిడచకట్టుకుపోవడం కూడా అలాంటిదే. రాత్రంతా నోటితో ఊపిరి తీస్తే వస్తుంది. షుగరున్నా వస్తుంది, కొన్ని బీపీ బిళ్ళల వల్లా, అలర్జీ బిళ్ళల వల్లా వస్తుంది. కారణం ఏదైనా లాలాజలం తగ్గితే చిగురు దగ్గర పళ్ళు పుచ్చుతాయి. మీ నాన్నగారి నొప్పి పన్ను ఎక్కడ పుచ్చిందో చూడండి. ఒకేసారి చాలా పళ్ళ మొదళ్ళ దగ్గర పుచ్చు మొదలైతే నేను తప్పకుండా నిద్ర గురించి, షుగర్ గురించి అడుగుతాను.

చిగుళ్ళ జబ్బుకీ ఆప్నియాకీ సంబంధం ఉందని చాలా అధ్యయనాలు వచ్చాయి. రెండూ ఒకే మనిషిలో ఎక్కువగా కనబడుతున్నాయన్నది నిజం. కానీ షుగర్, పొగ, బరువు, వయసు రెండింటికీ ఉమ్మడి కారణాలు. చిగుళ్ళు శుభ్రం చేయిస్తే గురక తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. చిగుళ్ళు శుభ్రం చేయించుకోవడం మాత్రం మానకండి.

ఇప్పుడు నాన్నగారి నిద్ర గురించి. చెరువులు చేసేవాళ్ళలో ఆప్నియా పట్టుకోవడం కష్టం. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుందని లేచి ఏరియేటర్లు చూసుకోవాలి, కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరుగెత్తాలి, గట్టు మీద షెడ్డులోనే పడుకోవాలి. పగలు కునుకు పడితే రాత్రి నిద్ర లేదు కదా అని అందరూ అనుకుంటారు, ఆయనా అనుకుంటారు. షెడ్డులో ఒక్కరే పడుకుంటే గురక మధ్య ఊపిరి ఆగడం చూసేవాళ్ళూ ఉండరు. అందుకే నేను అడిగే ప్రశ్న ఒకటుంది. రొయ్యల పట్టుబడి అయిపోయి, చెరువు ఎండగట్టి, ఇంట్లోనే నిండా ఏడెనిమిది గంటలు పడుకున్న రోజుల్లో కూడా పొద్దున్న బరువుగా, తలనొప్పిగా లేస్తున్నారా? పేపరు చదువుతూ, టీవీ చూస్తూ, పెళ్ళిలో భోజనం అయి కూర్చోగానే నిద్రపోతున్నారా? అవును అంటే అది చెరువు కాపలా వల్ల వచ్చిన నిద్రమత్తు కాదు.

దీనికి తోడు బీపీ ఉందా, రెండు మూడు రకాల మందులు వేసినా దిగట్లేదా, రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేస్తున్నారా అన్నవి అడగండి. ఆపరేషన్ ముందు మత్తు డాక్టర్లు వాడే స్టాప్ బ్యాంగ్ అనే చిన్న జాబితా ఉంది. గురక, పగలు అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూడటం, బీపీ, బీఎంఐ 35 దాటడం, వయసు 50 దాటడం, మెడ చుట్టుకొలత, మగవారవడం. ఎనిమిదిలో మూడు వస్తే అనుమానించాలి, ఐదు, ఆపైన వస్తే గట్టిగా అనుమానించాలి. మీ నాన్నగారికి వయసు, మగవారవడం, రెండు ముందే ఉన్నాయి. గురక ఉందని అమ్మగారు చెప్పి ఉంటే మూడు.

పరీక్ష అయ్యి సంగతి తేలేవరకూ ఒక్క విషయం. రాత్రి చెరువు దగ్గరుండి పొద్దున్నే కాలవ గట్టు మీద బండేసుకుని ఇంటికి రావడం ఆపించండి. మన గట్ల మీద చాలాచోట్ల పిట్టగోడ కూడా ఉండదు. రెండు సెకన్ల కునుకు చాలు. జీతగాడినో, పక్క చెరువాయన్నో బండి నడపమనండి.

పరీక్ష గురించి భయపడాల్సిందేమీ లేదు. ఊపిరితిత్తుల డాక్టరు గానీ, నిద్ర సమస్యలు చూసే ఈఎన్‌టీ డాక్టరు గానీ రాస్తారు. పూర్తి పరీక్ష అయితే ఒక రాత్రి ఆసుపత్రిలో పడుకోవాలి. తలకి, కళ్ళ పక్కన, గడ్డం కింద చిన్న వైర్లు, ఛాతీకీ పొట్టకీ బెల్టులు, ముక్కు దగ్గర గాలి కొలిచే గొట్టం, వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెడతారు. సూదులు లేవు. వేరే పెద్ద జబ్బులు లేకుండా అనుమానం బలంగా ఉన్నవాళ్ళకి ఇంట్లోనే పెట్టుకునే చిన్న యంత్రం చాలు. ముక్కు గొట్టం, బెల్టు, వేలి క్లిప్పు ఉంటాయి. కాకినాడ, రాజమండ్రి, భీమవరం వైపు కనుక్కోండి, ధర ముందే అడగండి, రిపోర్టు మెషీన్ ఇచ్చిన కాగితంగా కాకుండా డాక్టరు చదివి సంతకం పెట్టినదై ఉండాలి. కోవిడ్ రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్‌తో అర్ధరాత్రి ఒకసారి చూసి 97 ఉంది, బాగానే ఉన్నారని అనుకోకండి. ఆక్సిజన్ పడి లేచేది కొన్ని సెకన్లలో. మీరు చూసినప్పుడు మామూలుగానే కనబడొచ్చు.

ఆప్నియా అని తేలితే ముందు చెప్పేది సీపాప్ యంత్రం. 1981లో ఆస్ట్రేలియాలో కోలిన్ సల్లివన్ బృందం మొదలుపెట్టింది. మాస్కు ద్వారా కొద్దిపాటి ఒత్తిడితో గాలి పంపి గొంతు గోడలు అతుక్కోకుండా ఆపుతుంది. మధ్యస్థం, తీవ్రం అయిన వాళ్ళకి దీన్ని మించింది లేదు, వాడితే. మొదటి రెండు వారాలు చిరాకు పడతారు. నాన్నగారికి గుబురు మీసాలుంటే మాస్కు పక్కనుంచి గాలి పోతుంది, ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే రకం అడగండి. యంత్రంలో గాలికి తేమ కలిపే పెట్టెలో డిస్టిల్డ్ వాటరే పోయాలి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడపాల్సి వస్తే తేమ వేడి చేసే భాగం ఆపేయండి, ఎక్కువ కరెంటు తినేది అదే.

పళ్ళ డాక్టరు పాత్ర ఇక్కడ మళ్ళీ వస్తుంది. తక్కువ, మధ్యస్థ స్థాయి ఉన్నవాళ్ళకి, సీపాప్ అస్సలు పెట్టుకోలేని వాళ్ళకి, కింది దవడని ముందుకి పట్టి ఉంచే పరికరం చేయవచ్చు. పై పళ్ళకొకటి, కింది పళ్ళకొకటి కొలత తీసి చేస్తారు. రెండింటినీ కలిపే మర ద్వారా దవడని కొన్ని వారాల్లో మిల్లీమీటరు మిల్లీమీటరుగా ముందుకి జరుపుతారు. దవడతో పాటు నాలుకా ముందుకొస్తుంది, గొంతు తెరుచుకుంటుంది. ఆప్నియా అంకె తగ్గించడంలో సీపాప్ అంత బలం లేదు, కానీ రాత్రంతా పెట్టుకునేవాళ్ళు దీనికే ఎక్కువ. దీనికి పైనా కిందా గట్టి పళ్ళు తగినన్ని ఉండాలి, చిగుళ్ళు బాగుండాలి, చెవి ముందరి దవడ కీలు నొప్పి లేకుండా ఉండాలి. అందుకే కొలతలు తీయకముందే నొప్పి పన్ను, కదిలే పళ్ళు సరిచేసుకోవాలి. ఏళ్ళ మీద వాడితే పళ్ళ కలయిక కొంచెం మారుతుంది, ఆ సంగతి ముందే చెప్పని డాక్టరు దగ్గర చేయించుకోకండి. సరిగ్గా అమరాక పరికరం నోట్లో పెట్టుకుని మళ్ళీ నిద్ర పరీక్ష చేయాలి. గురక తగ్గింది కదా అని ఆ పరీక్ష మానేస్తే, శబ్దం పోయి ఊపిరి ఆగడం మిగిలి ఉండొచ్చు.

మీరు చెప్పిన ఆన్‌లైన్ గార్డు వేణ్ణీళ్ళలో వేసి కొరికే రకం. నేనైతే కొనొద్దంటాను. దవడ ఎంత ముందుకి రావాలో దానికి తెలియదు, నాన్నగారి పళ్ళు ఎంత గట్టిగా ఉన్నాయో తెలియదు. పరీక్ష చేయకుండా గురక మాత్రం ఆపితే, అమ్మగారికి ఆందోళన తగ్గుతుంది, జబ్బు అలాగే ఉంటుంది. పళ్ళు కొరుకుతున్నారని మామూలు నైట్ గార్డు వేయించడం కూడా ఇప్పుడే వద్దు. పై పళ్ళకి మాత్రమే వేసే అలాంటి గార్డుతో కొంతమందిలో ఆప్నియా పెరిగిందని 2004లో ఒక చిన్న అధ్యయనంలో కనబడింది. పదిమంది మీదే చేసింది కాబట్టి దాన్ని పట్టుకుని భయపెట్టను. ఆప్నియా అనుమానం ఉన్న మనిషికి పరీక్ష అయ్యాకే గార్డు అని నేను పెట్టుకున్న పద్ధతి.

బరువు 10 శాతం తగ్గినా ఏహెచ్ఐ అంకె గట్టిగానే తగ్గుతుంది. పక్కకి తిరిగి పడుకోవడం కొందరికి సగం వైద్యం. పడుకునే ముందు పెగ్గు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్ర, రెండూ గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తాయి. నిద్ర పట్టట్లేదని ఆయన అవి వేసుకుంటున్నారేమో నెమ్మదిగా కనుక్కోండి. నాలుక, గొంతు కండరాలకి వ్యాయామాలు ఉన్నాయి, కొంతవరకు పనిచేస్తాయి. 2025లో జైపూర్‌లో 30 మంది మీద చేసిన అధ్యయనంలో, ఆరు నెలలు వారానికి కనీసం ఐదు రోజులు కాసేపు శంఖం ఊదినవాళ్ళకి పగటి మత్తు, ఆప్నియా రెండూ కొంత తగ్గాయి. చిన్న అధ్యయనం, సీపాప్‌కి బదులు కాదు. ఇంట్లో శంఖం ఉంటే ఊదడానికి అడ్డేమీ లేదు, పొరుగువాళ్ళు ఒప్పుకుంటే. ఎప్పుడైనా ఏ ఆపరేషన్‌కి వెళ్ళినా ఆప్నియా ఉందనీ, అనుమానమైనా సరే, మత్తు డాక్టరుకి ముందే చెప్పండి. సీపాప్ ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

బాబు విషయం వేరు. పిల్లల్లో ఆప్నియాకి మొదటి కారణం సాధారణంగా ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్, టాన్సిల్స్ పెరగడం. పిల్లలకి కొలతలు కూడా వేరు, గంటకి ఒకటి దాటినా పట్టించుకుంటారు. ఏళ్ళ తరబడి నోటితోనే ఊపిరి తీస్తే నాలుక అంగిలికి ఆనకుండా కిందే ఉండి, పై దవడ ఇరుకుగా పెరిగి, అంగిలి ఎత్తవుతుందని చెబుతారు. పెద్దయ్యాక మనం చూసే ఇరుకు నోరు కొందరిలో అలా మొదలవుతుంది. పిల్లలు పగలు తూగరు, ఉల్టాగా గంతులేస్తారు, చదువు మీద మనసు నిలవదు, ఆగిపోయిన పక్క తడపడం మళ్ళీ మొదలవుతుంది. బడిలో అల్లరివాడని పేరు పడుతుంది.

పళ్ళు కొరకడం ఈ వయసులో చాలామందిలో ఉంటుంది, ఎక్కువమందికి దానంతటదే పోతుంది. పురుగులే కారణమనడానికి గట్టి రుజువు లేదు. అమ్మగారితో వాదన పెట్టుకోకండి, నులిపురుగుల మందు బడిలో ఎలాగూ వేస్తారు. కొరకడంతో పాటు రోజూ గురక, నోరు తెరుచుకుని తల వెనక్కి వేసి పడుకోవడం, నిద్రలో చెమటలు ఉంటే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. వెళ్ళే ముందు వాడు గాఢనిద్రలో ఉన్నప్పుడు ఛాతీ, ముఖం కనబడేలా రెండు నిమిషాలు ఫోన్‌లో వీడియో తీసుకెళ్ళండి, చొక్కా తీసేసి. ఊపిరి లాగేటప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతోందా అన్నది డాక్టరుకి అందులో తెలిసిపోతుంది. ఎవరైనా ముందే క్లిప్పులు, దవడ వెడల్పు చేసే ప్లేటు అంటే, ముక్కు, గొంతు చూపించాకే వస్తామని చెప్పండి.